తాతయ్య ఎడమచేయి చెప్పిన ధర

కాకినాడ రేవులో ముప్పై ఏళ్ళపాటు నువ్వుల దళారీగా పేరుమోసిన మా తాతయ్య ఒక్క రోజులో ఆ పని మానేయడానికి కారణం నేను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ చెప్పలేదు. అమ్మతో చెప్పలేదు, మామ్మతో చెప్పలేదు, పెళ్ళయి రాజమహేంద్రవరం వచ్చాక మా వారితోనూ చెప్పలేదు. రోజూ రాసుకునే పుస్తకంలో కూడా, దాన్ని ఎవరూ తెరవరని తెలిసీ, ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి వాన గురించో వంట గురించో నాలుగు ముక్కలు రాసి మూసేసేదాన్ని. ఈ ఉదయం మా అత్తగారు నాగులచవితి చిమ్మిలికి నువ్వులు వేయిస్తున్నారు. మూకుడులో గింజలు చిటపటమంటుంటే ఆ వేడి వాసన వంటింట్లోంచి బయలుదేరి, వసారా దాటి, నేను కూర్చున్న కిటికీ దాకా వచ్చింది. ఆ వాసనకి నాకు పండగ గుర్తుకు రాదు. తడిసిన గోనె, కాలవ బురద, తాతయ్య కండువాలోని గంధం, ఇవన్నీ కలిసి ఒక్కసారిగా ముక్కుకి తగులుతాయి. ఇక ఈ రోజు రాయకుండా ఉండలేననిపించింది.

మా ఇల్లు కాకినాడలో, సామర్లకోట నుంచి వచ్చే కాలవ గట్టుకి నాలుగడుగుల దూరంలో ఉండేది. ఆ గట్టు మీదే విదేశీ కంపెనీల కొట్లు వరసగా ఉండేవి. పొడవాటి సున్నపు గోడలు, వాటి ముందు తాటాకు పందిళ్ళు, పందిళ్ళ కింద ఆకాశానికి అంటుతున్నాయా అన్నట్టు పేర్చిన బస్తాలు. భాద్రపదం వెళ్ళేసరికి మెట్టలో నువ్వుచేలు కోసి, కట్టలు ఎండబెట్టి, దులిపి, పెద్దాపురం వైపు రైతులు పడవల మీద సరుకు తెచ్చేవారు. పడవ గట్టుకి తగలగానే సరంగులు కేకలు వేసేవారు, కూలీలు వీపు మీద గోనెసంచి ముసుగులా కప్పుకుని పలకల మీదుగా పరుగున దిగేవారు, చిల్లుపడ్డ బస్తాల్లోంచి కారిన గింజల కోసం పిచ్చుకలు గుంపులుగా వాలేవి. ఆ రోజుల్లో మా వీధిలో ఎవరింట్లో అన్నం తిన్నా పంటి కింద ఒక నువ్వుగింజ తగిలేది. మా మామ్మ ఎన్నిసార్లు ఊడ్చినా వాకిట్లో గింజలు రాలుతూనే ఉండేవి.

తాతయ్య సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉండేవాడు. ఉతికిన పంచె, ఎడమ భుజం మీద వెడల్పాటి కండువా, చెవికి చిన్న పోగు. మధ్యాహ్నం మజ్జిగన్నం తిని కొట్ల దగ్గరికి బయలుదేరేటప్పుడు నన్ను వెంట తీసుకువెళ్ళేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పొద్దున మిషను వారి ఆడపిల్లల బడి అయిపోయేది. ఇంట్లో అమ్మకి చంటిపిల్లలతో ఊపిరాడేది కాదు. నేనేమో పలకరిస్తే పలకని పిల్లని, ఎవరైనా ఇంటికి వస్తే తలుపు వెనక నిలబడే పిల్లని. "దీన్ని తీసుకెళ్ళండి, అక్కడైనా నలుగురి మాటా చెవిన పడుతుంది" అనేది మామ్మ. కొట్ల దగ్గర కూడా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ మామ్మ అన్నట్టు, నలుగురి మాటా చెవిన పడింది.

దళారీ అంటే అమ్మే రైతుకీ, కొనే కంపెనీకీ మధ్య కూర్చుని బేరం కుదిర్చే మనిషి. కంపెనీ తరఫున దుబాసీ గారు వచ్చేవారు. దొర మాట తెలుగులోకి, రైతు మాట ఇంగ్లీషులోకి మార్చడం ఆయన పని, కొనే అధికారమూ ఆయనదే. బస్తాలోకి మొనతేలిన ఇనపగొట్టం గుచ్చి మచ్చు తీసేవారు. తాతయ్య ఆ గింజల్ని అరచేతిలో నలిపి, ఒక్కసారి ఊది, రెండు గింజలు ముందుపళ్ళ కింద పెట్టి కొరికి, కళ్ళు మూసుకునేవాడు. "మెట్ట సరుకే. పొద్దుటి మంచు తగిలిన తర్వాత కట్టారు. ఇంకో రెండ్రోజులు ఎండపెట్టుంటే ఇంకో అణా వచ్చేది కదయ్యా" అనేవాడు రైతుతో. ఆ తర్వాతే అసలు బేరం.

బేరం నోటితో జరిగేది కాదు. చుట్టూ పదిమంది రైతులు, పదిమంది వర్తకులు నిలబడి ఉంటారు, ఒకరికి పలికిన ధర ఇంకొకరికి తెలియకూడదు. అందుకని తాతయ్య కండువా తీసి తన కుడిచేతి మీదా దుబాసీ గారి చేతి మీదా కప్పేవాడు. ఆ గుడ్డ కింద ఇద్దరూ వేళ్ళతో మాట్లాడుకునేవారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు కలిపి పట్టుకుంటే నాలుగు, చేయంతా పట్టి నొక్కితే అయిదు. చేయి పట్టి, వెంటనే మూడు వేళ్ళు పట్టుకుంటే ఎనిమిది. అణాలకి వేళ్ళ కొసలు, రూపాయలకి మొదళ్ళు. పైకి చూస్తే ఇద్దరూ వాన గురించో పిల్లల పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, కింద మాత్రం కండువా చిన్న పిల్లి కదిలినట్టు కదులుతుంటుంది. "నా కుడిచేయి అన్న మాట నా చెవి కూడా వినదు" అని తాతయ్య గర్వంగా చెప్పుకునేవాడు. ఊరంతా ఆ మాటనే నమ్మేది. ఆయన పేరంతా ఆ నమ్మకమే.

బేరాలు లేని సమయంలో పందిరి కింద ఆయన చుట్టూ కుర్ర వర్తకులు చేరేవారు. ఆయన హితబోధ చేసేవాడు కాదు, ఎగతాళి చేసేవాడు. ఒకసారి ఒక కుర్ర వర్తకుడు వగర్చుకుంటూ వచ్చి, "అందరూ కొనేస్తున్నారండి తాతగారూ, నేనూ కొనేస్తానండి" అన్నాడు. తాతయ్య ముక్కుపొడుం పట్టు పీల్చి, "అందరూ కొంటుంటే అమ్మేవాడెవడ్రా అబ్బాయ్? ముందు వాణ్ణి వెతికి పట్టుకో. ఎందుకమ్ముతున్నాడో కనుక్కుని అప్పుడు రా" అన్నాడు. ఇంకొకాయన బస్తాలు నిలవపెట్టుకుని, ధర దిగుతున్నా వదలలేక, పొద్దునా సాయంత్రం వాటి చుట్టూ తిరిగేవాడు. తాతయ్య ఆయన్ని ఆపి, "ఏవండోయ్, నువ్వుల మీద అంత ప్రేమేంటండి? అవేవన్నా మిమ్మల్ని నాన్నా అని పిలుస్తాయా?" అనేసరికి పందిరి పందిరంతా నవ్వింది. నిన్న అమ్మేసుంటే బాగుండేదని ఏడ్చేవాళ్ళతో, "నిన్నటి కొట్టు కట్టేశారు బాబూ, ఇవాళ్టి కొట్టు తెరిచుంది, ఏవన్నా ఉంటే చెప్పండి" అనేవాడు. వచ్చే నెల ఫలానా ధరకి ఇస్తానని, చేలో పూత కూడా రాకముందే కాగితాల మీద అమ్మేసి, ఆ కాగితాల్నే మళ్ళీ చేతులు మార్చుకునే వాయిదా బేరగాళ్ళంటే ఆయనకి మహా వేడుక. "విత్తనం ఇంకా గాదెలోనే ఉందండి, ఈ నలుగురూ అప్పుడే నూనె పిండేసి, తలకి రాసేసుకుని, జడ కూడా వేసుకున్నారు" అనేవాడు. ధర ఎక్కుతుందని తనకొక పెద్దమనిషి రహస్యంగా చెప్పాడని ఎవరైనా గొణిగితే, తాతయ్య గొంతు ఇంకా తగ్గించి, "ఎంతమందికి రహస్యంగా చెప్పాడో అడిగారా?" అనేవాడు.

ఈ మాటలన్నీ నేను బడి లెక్కల పుస్తకం వెనక పుటల్లో రాసుకునేదాన్ని. రాయడం నాకు అప్పుడే అలవాటయింది. నోటితో అనలేని పిల్లకి చేత్తో అనే దారి దొరికినట్టయింది.

ఇక ఎడమచేతి సంగతి. బేరం జరిగేటప్పుడు నేను తాతయ్యకి ఎడమ పక్కన బస్తా మీద కూర్చునేదాన్ని. ఎడ్లబళ్ళ మధ్యకి పరుగెత్తుతానేమోనని ఆయన ఎడమచేత్తో నా చేయి పట్టుకునే ఉండేవాడు. ఆ చేతిమీద కండువా రెండో కొస పడి ఉండేది. కుడిచేయి దుబాసీ గారితో మాట్లాడుతున్నంతసేపూ ఆ ఎడమచేయి కూడా ఊరుకునేది కాదు. నా వేళ్ళని పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని నొక్కేది. తాను అలా చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. మొదట్లో నాకు చక్కిలిగింతలు పుట్టేవి. రానురాను లెక్క అర్థమయింది. చేయంతా ఒకసారి, ఆ వెంటనే రెండు వేళ్ళు. ఏడు. సాయంత్రం కొట్లు కట్టేసే వేళకి బస్తా ఏడు రూపాయలకి తెగిందని అందరూ చెప్పుకునేవారు. మర్నాడు ఏడున్నర నొక్కేది, ఏడున్నరకే తెగేది. ఒక్క మాటా మాట్లాడని నాకు ఊరందరికన్నా ముందు ధర తెలిసేది. నాకది నిధి దొరికినట్టుండేది. ఎవరికీ చెప్పాలని ఒక్కసారి కూడా అనిపించలేదు, మంగతాయి వచ్చేదాకా.

మంగతాయి వీర్రాజు గారి కూతురు. వీర్రాజు గారిది పెద్దాపురం దగ్గర ఒక మెట్ట ఊరు, నలభై బస్తాల ఆసామి. తల్లి లేని పిల్లని ఇంట్లో వదలలేక పడవ మీద వెంట తెచ్చుకునేవారు. సరుకు అమ్ముడయ్యేదాకా తండ్రీకూతుళ్ళు పడవలోనే వండుకు తినేవారు. మంగతాయికి నా వయసే. నల్లగా, నిగనిగలాడుతూ, రెండు జడలూ గట్టిగా మడిచి కట్టుకుని, పడవ అంచు మీద గట్టు మీద నడిచినట్టు నడిచేది. నేను మాట్లాడనని ఆమెకి చిన్నతనంగా తోచలేదు. "నువ్వు ఊరుకోవే, నేను ఇద్దరి మాటా మాట్లాడతాను" అంది మొదటిరోజే. ఇద్దరం కలిసి గవ్వలాడేవాళ్ళం, అచ్చంగాయలాడేవాళ్ళం, కాలవలో కాళ్ళు పెట్టుకుని చేపపిల్లలు వేళ్ళు కొరుకుతుంటే ఎవరు ముందు కాలు తీస్తారో పందెం వేసుకునేవాళ్ళం. ఆమె నాకు ఊరి నుంచి వేయించిన జీడిగింజలు, తంపట వేసిన కందికాయలు తెచ్చేది. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. అందుకని వేళ్ళ లెక్క నేర్పాను. నా ఓణీ కొస మా ఇద్దరి చేతుల మీదా కప్పుకుని జీడిగింజలకి బేరమాడుకునేవాళ్ళం. మంగతాయి ఎప్పుడూ ఓడిపోయేది, ఎందుకంటే గుడ్డ కింద వేళ్ళతో పాటు పైన నోరు కూడా, "ఆరు! ఆరిచ్చుకో!" అని అరిచేసేది.

మా స్నేహం కుదిరిన మూడో ఏడు వాళ్ళ పడవ సరిగ్గా అట్లతద్ది ముందురోజు వచ్చింది. ఆ మధ్యాహ్నం తాతయ్య పక్కన నేను మామూలుగానే కూర్చున్నాను. దుబాసీ గారితో వేరే రైతుల సరుకు బేరం జరుగుతోంది. తాతయ్య పైకి, "ఈసారి చలి ముందే దిగేట్టుందండి" అంటున్నాడు, దుబాసీ గారు "మరేనండి" అంటున్నారు. నా వేళ్ళ మీద మాత్రం చేయంతా ఒకసారి, ఆ వెంటనే నాలుగు వేళ్ళు గట్టిగా నొక్కుకున్నాయి. తొమ్మిది. అంతకు ముందు రోజు దాకా ఎనిమిది పలుకుతోంది. మేం ఇంటికి వెళ్తుంటే దారిలో వీర్రాజు గారు తాతయ్యకి నమస్కారం పెట్టి, "రేపు పొద్దున్నే ఎనిమిదికి నాదీ తెంపేయండి బాబూ, దుక్కులకి వేళవుతోంది, పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను" అన్నారు. తాతయ్య, "అలాగే వీర్రాజు గారూ, ఎనిమిది మంచి ధర" అన్నాడు. తొమ్మిది పలుకుతుంటే ఎనిమిదికి ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు. గుడ్డ కిందిది బయటకు చెప్పకూడదని కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రం మామ్మ మంగతాయిని కూడా పిలిపించి గోరింటాకు పెట్టింది. రోట్లో రుబ్బిన ఆకుపచ్చని ముద్ద, చేతులకి చల్లదనం, వంటింట్లో మర్నాటి అట్లకి నానుతున్న బియ్యం, మినప్పప్పు. మర్నాడు తెల్లవారకుండానే చద్దెన్నంలో గడ్డపెరుగు, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు వేసుకుని తిని, వీధిలో ఆడపిల్లలమంతా కలిసి చెమ్మచెక్కలాడి, పక్కింటివారి పెరట్లోని పెద్ద మామిడికొమ్మకి కట్టిన ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాం. మంగతాయి నిలబడి ఊగేది, నేను కూర్చుని. ఆమె అరచేతుల్లో గోరింటాకు మంకెనపువ్వులా పండింది. నాది వెలిసిపోయినట్టు పండింది. "నీకు మంచి మొగుడు రాడే" అని ఏడిపించింది. ఊగుతూ ఊగుతూ, "ఇవాళ సరుకు అమ్మేసి రేపు వెళ్ళిపోతామే. మళ్ళీ ఏడాదికే" అంది.

అప్పుడు నేను ఉయ్యాల ఆపాను. ఆమె చేయి తీసుకుని, మా ఇద్దరి చేతుల మీదా ఓణీ కప్పి, చేయంతా ఒకసారి, ఆ వెంటనే నాలుగు వేళ్ళు నొక్కాను.

"తొమ్మిది జీడిగింజలా?" అంది.

నేను తల అడ్డంగా ఊపి, కొట్ల వైపు చూపించాను. అర్థమయింది. ఆ ఒక్కసారి మాత్రం మంగతాయి అరవలేదు.

వీర్రాజు గారు ఆ ఉదయం ఎనిమిదికి ఇవ్వనన్నారు. తాతయ్య ఆశ్చర్యపోయాడు. "అదేంటండి, నిన్న సరేనన్నారు కదా?" అన్నాడు. "తొమ్మిదికి తక్కువైతే ఇవ్వనండి బాబూ, రెండ్రోజులు చూస్తాను" అన్నారు వీర్రాజు గారు తల వంచుకుని. రెండు రోజులు నాలుగయ్యాయి. నాకు లోపల సంతోషంగా ఉంది, మంగతాయి ఇంకా ఊళ్ళోనే ఉంది, రోజూ ఆడుకుంటున్నాం, పైగా వాళ్ళ నాన్నకి నేను మేలు చేశాను. అయిదోరోజు రేవుకి దూరంగా సముద్రంలో ఆగి ఉన్న పొగ ఓడ నిండిపోయి లంగరు ఎత్తేసింది, ఇక కంపెనీలకి కొనే తొందర లేకపోయింది. దీపావళి వెళ్ళిన మర్నాడు తంతి ఆఫీసు బంట్రోతు గట్టు మీద పరుగెత్తుకొచ్చాడు. దొరల సీమలో నువ్వులు అడిగేవాడు లేడట. మధ్యాహ్నానికి ధర ఆరుకి పడిపోయింది. ఆ సాయంత్రమే ముసురు పట్టి పందిరి చివర ఉన్న నలభై బస్తాల మీద తాటాకుల సందుల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. వీర్రాజు గారు తన పై పంచె తీసి బస్తాల మీద కప్పుతున్నారు. ఆ పంచె ఎన్ని బస్తాలకి సరిపోతుంది?

మర్నాడు పందిరి కింద అందరూ ఉండగా దుబాసీ గారు నవ్వుతూనే గట్టిగా అడిగారు. "ఏం వీర్రాజు గారూ, ఎనిమిదిస్తే వద్దన్నారు. ఈ తొమ్మిదేంటండి, మీకెవరు చెప్పారు? మా దొర చెప్పాడా, తంతి తీగ చెప్పిందా? లేకపోతే మా దళారీ గారు రెండు పక్కలా బేరం చేస్తున్నారా?"

దళారీ గుడ్డ కింది మాట బయట పెట్టాడంటే ఇక ఆ గుడ్డ కింద ఎవరూ చేయి పెట్టరు. వీర్రాజు గారు వంగి తడిసిన బస్తా మూతి తాడు బిగించసాగారు. ఆయన వెనక మంగతాయి నిలబడి ఉంది. ఆమె నన్ను చూసింది. నేను బస్తా మీద కూర్చుని, తాతయ్య చేతిలోంచి నా చేయి లాక్కున్నాను.

తాతయ్య తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా లేచి, "నేనే చెప్పానండి" అన్నాడు.

"మీరా?" అన్నారు దుబాసీ గారు.

"నేనే. తొమ్మిదవుతుందన్నాను. అన్నాను కనక తొమ్మిదికీ నేనే తీసుకుంటున్నాను. వీర్రాజు గారూ, సరుకు మా ఇంటికి పంపించండి."

"వద్దండి బాబూ, మీరు చెప్పలేదండి, మీరెందుకు..." అని వీర్రాజు గారు చేతులు పట్టుకోబోయారు. తాతయ్య వినలేదు. కండువా భుజాన వేసుకుని, నన్ను రమ్మని పిలిచి ఇంటికి నడిచాడు. దారిలో నా చేయి పట్టుకున్నాడు కానీ ఒక్క వేలూ కదల్లేదు.

ముప్పై ఏళ్ళలో ఇతరుల కోసం ఎన్ని వేల బస్తాలు అమ్మిపెట్టాడో కానీ, తన కోసమంటూ తాతయ్య ఒక్క బస్తా కొనలేదు. సొంత సరుకు ఉన్న దళారీ మాట ఎవరు నమ్ముతారని అనేవాడు. ఆ సాయంత్రం కూలీలు సావిడి నిండా బస్తాలు పేర్చి వెళ్ళారు. మామ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ముప్పై ఏళ్ళలో ఒక్క గింజ ఇంటికి తేలేదని ఏడిపించేదాన్ని. తెస్తే ఇలా తెస్తారా?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నిజంగా మీరే చెప్పారా?" అని అడిగింది. నేను తలుపు వెనక ఉన్నాను.

తాతయ్య ఒక బస్తా మీద చేయి వేసి అన్నాడు. "తొమ్మిదవుతుందని మనసులో అనుకున్నానే. ఆ రోజంతా అదే అనుకుంటూ కూర్చున్నాను. దుబాసీకి మాత్రం ఎనిమిదే నొక్కాను."

అప్పుడు నాకు తెలిసింది. ఇన్నాళ్ళూ నా వేళ్ళ మీద పడింది కుదిరిన ధర కాదు. కుడిచేయి నిజం మాట్లాడుతుంటే, ఎడమచేయి ఆయన ఆశపడుతున్న ధర చెప్పేది. ముప్పై ఏళ్ళు అదే పనిలో ఉన్న మనిషి ఆశకీ, అసలు ధరకీ ఎప్పుడోగానీ తేడా వచ్చేది కాదు కనక, నాకు రెండూ ఒకటేననిపించింది. తేడా వచ్చిన ఆ ఒక్కరోజే నేను నోరు లేని పిల్లననే సంగతి మర్చిపోయాను.

తడిసిన బస్తాలు మామ్మా అమ్మా మేడమీద పరిచి ఎండబెట్టారు. బూజు వాసన వేస్తున్నవి గానుగకి పోయాయి, కొన్ని చవగ్గా ఎవరికో పోయాయి. మిగిలినవి మేమే తిన్నాం. ఆ ఏడు నాగులచవితి చిమ్మిలి ఉగాది దాకా చేస్తూనే ఉన్నారు. నువ్వులుండలు, నువ్వులపొడి, వంకాయలో నువ్వులు, పులుసులో నువ్వులు. చుట్టాలెవరొచ్చినా సంచీడు ఇచ్చి పంపేవారు, చివరికి చుట్టాలు రావడం తగ్గించారు. తాతయ్య విస్తరి ముందు కూర్చుని, "పప్పులో లేవేంటే, అలిగాయా?" అని మామ్మని నవ్వించేవాడు. కొట్ల వైపు మాత్రం వెళ్ళడం లేదనుకున్నాం. రెండుమూడు సార్లు వెళ్ళి పందిరి కింద కూర్చుని వచ్చాడని, ఎవరూ పిలవలేదని తర్వాత తెలిసింది. ఒకరిద్దరు కుర్ర వర్తకులు ఇంటికి వచ్చి సలహా అడిగేవారు. "నన్నడుగుతారేంటయ్యా, నా దగ్గర సావిడి నిండా సలహా ఉంది, ఓ బస్తా తీసుకెళ్ళండి" అనేవాడు. నవ్వేవాడు. ఆ నవ్వు వినపడితే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

వీర్రాజు గారు ఆ తర్వాత కాకినాడ రాలేదు. సిగ్గుపడి సరుకు సామర్లకోటలోనే ఎవరికో ఇచ్చేస్తున్నారని ఒక సరంగు చెప్పాడు. వాళ్ళ పడవ కదిలిన రోజు నేను గట్టు మీదికి వెళ్ళాను. మంగతాయి పడవ చివర నాకు వీపు పెట్టి కూర్చుంది. గోరింటాకు ఇంకా పోని చేతులు మోకాళ్ళ చుట్టూ వేసుకుని ఉంది. పిలుద్దామనుకున్నాను. నోరు రాలేదు.

ఇప్పుడు ఆ గట్టు మీద పడవలు తక్కువ. రైలు వచ్చాక సరుకు స్టేషన్లలోనే కొనేస్తున్నారు, ధర నల్లబల్ల మీద సుద్దతో రాసి పెడుతున్నారు. కండువా కింద మాట్లాడే మనుషులు ఒకరిద్దరు మిగిలారేమో, వాళ్ళూ ముసలివాళ్ళు. పందిళ్ళు పీకేశారు. తాతయ్య పోయి రెండేళ్ళయింది. వెనక పుటల్లో ఆయన మాటలు రాసుకున్న లెక్కల పుస్తకం ఏ పెళ్ళి సామాన్లలో పోయిందో తెలియదు. గుర్తున్నవే ఇక్కడ రాశాను, ఆయన గొంతు లేకుండా అవి సగమే ఉన్నాయి. రేపు మామ్మని చూడ్డానికి కాకినాడ బయలుదేరుతున్నాను. సామర్లకోటలో దిగి, బండి మారాలి. తాతయ్య పోయాక రెండుసార్లు అలా మారాను. రెండుసార్లూ గంటసేపు పెట్టె మీద కూర్చుని, చేతిలో పుస్తకం తెరిచి, ఒక్క అక్షరం చదవకుండా స్టేషను బయటి దారి చూస్తూ ఉండిపోయాను.

ఆయన్ని చివరిసారి చూసింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. నేను అత్తవారింటికి తిరిగి వస్తున్నాను. వీధిలో జట్కా ఆగి ఉంది. తాతయ్య వసారాలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. వంగి కాళ్ళకి దండం పెట్టాను, ఆ రోజైనా చెప్పేద్దామని నోరు తెరిచాను, ఎప్పటిలాగే మూసేశాను. ఆయన నా ముఖం వంక చూస్తూ ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఆయనకి తెలియదని నేననుకున్నది ఎంత పిచ్చితనమో అప్పుడే తెలిసింది.

"మంగతాయిని సామర్లకోటలోనే ఇచ్చారంట. ఆ పిల్ల మీద వాళ్ళ నాన్న కోప్పడలేదులే, నేను కనుక్కున్నాను. బండి మారేచోట గంటసేపు ఊరికే కూర్చునే బదులు, వెళ్ళి ఒకసారి కనపడమ్మా."